పిల్లలకు అచ్చు ఇవ్వొద్దు, చుక్కలివ్వండి

పోయిన డిసెంబర్‌లో మా అబ్బాయి స్కూల్ నుంచి ఒక చీటీ తెచ్చాడు. సెలవులు ఇచ్చేలోపు చలికాలానికి సంబంధించిన క్రాఫ్ట్ ఏదైనా చేసి తేవాలట. సాయంత్రం వీధి చివర స్టేషనరీ షాపుకు వెళ్తే, మేం నోరు తెరిచేలోపే ఆయన ఒక కవర్ తీసి చేతిలో పెట్టాడు. లోపల రెండు థర్మోకోల్ ఉండలు, కాస్త దూది, నల్ల పూసలు, ఎర్ర గుడ్డ పేలిక, ముక్కుకి చిన్న నారింజ రంగు కోన్. అన్నిటికీ నంబర్లు. నంబర్ల వరసలో అతికించుకుంటూ పోతే మంచుమనిషి తయారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మర్నాడు వాడిని దింపడానికి వెళ్తే క్లాసు కిటికీ గట్టు మీద అలాంటి మంచుమనుషులే వరసగా నిలబడి ఉన్నారు. మావాడిది ఏదో వాడే గుర్తుపట్టలేకపోయాడు.

హైదరాబాద్‌లో మంచుమనిషేంటని నేను గొడవపడను. పిల్లలకు ఎక్కడి బొమ్మైనా ముద్దే. నా బాధ వేరే. ఆ కవర్‌లో నా కొడుకు సొంతంగా తేల్చుకోవాల్సింది ఒక్కటి కూడా లేదు. ఏది ఎక్కడ, ఏ రంగు, ఎంత సైజు అన్నీ ఎవరో ఎక్కడో తేల్చేశారు. వాడి వంతుకు జిగురు రాయడం మిగిలింది. దానికి మనం క్రియేటివిటీ అని పేరు పెట్టుకుంటున్నాం.

సంక్రాంతి సెలవుల్లో పిల్లల చేత ఏం చేయించొచ్చని ఫోన్‌లో వెతికినా అదే వరస. వందల ఫోటోలు వస్తాయి, అన్నీ పూర్తయిపోయినవే. చూసి దించడం తప్ప పిల్లలకు ఇంకో పని ఉండదు. మా అమ్మ నాకు నేర్పిన చేతిపనులు ఇలా ఉండేవి కావు. ఆవిడ పూర్తయిన బొమ్మ ఎప్పుడూ ఇవ్వలేదు. ఒక లెక్క ఇచ్చేది, చేతికి పిండో పేడో ఇచ్చేది, మిగతాది మా మీద వదిలేసేది. మన పిల్లలకు సెలవుల్లో ఇవ్వాల్సింది అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు ముగ్గు సంగతి. ధనుర్మాసం డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా నడుస్తుంది. పశ్చిమ గోదావరిలో మా ఊళ్లో నెలగంట పెట్టారంటే ఆ నెల్లాళ్లూ రోజుకో కొత్త ముగ్గు పడాల్సిందే. నిన్న వేసింది ఇవాళ వేస్తే ఎదురింటి అత్తయ్యగారు ఊరుకునేవారు కాదు. అంటే ఏకంగా ముప్పై ముగ్గులు. అన్ని ముగ్గులు ఎవరికి గుర్తుంటాయి? అందుకే మా అమ్మ నోటుపుస్తకంలో బొమ్మలకన్నా అంకెలే ఎక్కువ. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు." "7 చుక్కలు, ఎదురు చుక్క, 1 వరకు." ఒక్కో పేజీలో అంతకుమించి ఏమీ ఉండదు. ఆ మాట చాలు, ముగ్గు కట్టేయొచ్చు.

తెలియనివాళ్ల కోసం కాస్త విప్పి చెప్తాను. నడుమ వరసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందకీ వరసకొకటి తగ్గించుకుంటూ, ప్రతి చుక్కా పై వరసలోని రెండు చుక్కల సందులో పడేలా 8 దాకా వెళ్తే ఆరు పక్కల ఆకారం వస్తుంది. మొత్తం 169 చుక్కలు. అదే ఎదురు చుక్క అయితే చుక్కకింద చుక్క తిన్నగా పడుతుంది. 7తో మొదలుపెట్టి వరసకు రెండేసి తగ్గించుకుంటూ 1కి వస్తే 25 చుక్కల డైమండ్. సందు చుక్కలో పువ్వులూ నక్షత్రాలూ సులువుగా కుదురుతాయి. ఎదురు చుక్కలో మెలికలు బాగా తిరుగుతాయి. ఈ తేడా నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. సందు చుక్కల మీద మెలిక తిప్పబోయి, కుదరక, కాలితో చెరిపి మళ్లీ వేసుకున్నప్పుడు తెలిసింది.

ఈ లెక్క ఎంత లోతైనదో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఇంట్లో కాగితం మీద చేసి చూడండి. ఎదురు చుక్కలు మూడు వరసలు, వరసకు నాలుగేసి పెట్టండి. చుక్కల మధ్యనుంచి ఏటవాలుగా గీత నడిపించండి. అంచుకు రాగానే చివరి చుక్కను చుట్టి మళ్లీ లోపలికి తిరగాలి. 12 చుక్కలనూ అల్లుకుంటూ, చెయ్యి ఎత్తకుండానే గీత బయల్దేరిన చోటికి వచ్చేస్తుంది. ఇప్పుడు మూడు వరసలు, వరసకు మూడు పెట్టి అలాగే తిప్పండి. ఒక్క గీతతో అవ్వదు, మూడు గీతలు కావాలి. నాలుగుకి ఆరు పెడితే రెండు గీతలు. రెండు అంకెల గ.సా.భా., అంటే రెండిటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద అంకె, ఎంతో అన్ని గీతలన్నమాట. ఆరో క్లాసు పిల్లలు పరీక్షలో బట్టీ పట్టి రాసే గ.సా.భా. ఇలా వాకిట్లో కంటికి కనిపిస్తుంది. మా అమ్మకు ఆ పేరు తెలియదు. కానీ చుక్కలు చూడగానే "వీటికి ఒంటి గీత రాదే" అని చెప్పేసేది.

చెన్నైలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతోపాటు కమలా కృతివాసన్ ఈ సంగతిని సీరియస్‌గా తీసుకున్నారు. తమిళుల ముగ్గును, అంటే కోలాన్ని, కంప్యూటర్ భాషల వ్యాకరణం పద్ధతిలో చదివి 1974లో పేపర్ రాశారు. కొద్దిపాటి నియమాలతో ఎన్ని ఆకారాలైనా పుట్టించొచ్చు కాబట్టి వాళ్లకు కోలం అంత విలువైనదిగా కనిపించింది. మన మెలికల ముగ్గూ ఆ కుటుంబంలోదే. మనం మాత్రం దాన్ని ఆడపిల్లలకు తెల్లవారుజామున అప్పజెప్పే ఇంటిపని కిందే చూస్తున్నాం.

ఆడపిల్లలు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. మా అబ్బాయి వయసు తొమ్మిది. పోయిన సంక్రాంతికి మా అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు వాడు ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. అటుగా వెళ్తున్న పెద్దాయన ఒకాయన "మగపిల్లాడివి, నీకెందుకురా ముగ్గులు, వెళ్లి గాలిపటం ఎగరేసుకో" అన్నారు. ప్రేమగానే అన్నారు. వాడి చెయ్యి మాత్రం ఆగిపోయింది. మా అమ్మ తల ఎత్తకుండానే "గాలిపటం మధ్యాహ్నం ఎగరేస్తాడులెండి అన్నయ్యగారూ, ఇప్పుడు ఎండలేదు, గాలీ లేదు" అంది. వాడు మళ్లీ పిండి పట్టుకున్నాడు.

ఆ రోజు వాడు చేసిందే ఈ వ్యాసం రాయించింది. సందు చుక్కలు 7 నుంచి 4 దాకా, మొత్తం 37 చుక్కలు పెట్టించింది అమ్మ. మొదటి వరస వంకర పోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి ఎంత వదలాలో తెలియక ఒకచోట ముద్దగా, ఒకచోట ఏమీ లేకుండా పడింది. పిండిలో కాస్త సన్నటి ఇసుక కలిపితే జారుడు బాగుంటుందని అమ్మ కలిపి ఇచ్చింది. నేల మరీ తడిగా ఉంటే గీత పాకిపోతుంది, పొడిగా ఉంటే గాలికి లేచిపోతుంది, అందుకని సిమెంటు మీద ముందే ఎర్రమట్టి అలికి ఆరీ ఆరనట్టు ఉంచింది. మధ్య చుక్క చుట్టూ ఆరు రేకులు వేశాక వాడు ఆగి, బయటి చుక్కల్ని ఏం చేయాలో తోచక చాలాసేపు చూశాడు. తర్వాత ఒక చుక్క వదిలి ఒక చుక్క కలుపుతూ చుట్టూ తిరిగాడు. అది చేపల్లాంటి ఆకారంగా తేలింది. చేపలు వేద్దామని వాడు అనుకోలేదు. వచ్చాయి కాబట్టి కళ్లు పెట్టాడు.

అంతా అయ్యాక వాడికి టెన్షన్ పట్టుకుంది. ఫోన్ తీసుకుని అలాంటి ముగ్గు ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. దొరకలేదు. "అమ్మమ్మా, ఇది ఎక్కడా లేదు. తప్పు వేశానా?" అని అడిగాడు. ఆవిడ వంగి చుట్టూ చూసింది. "గీత కలిసిందా నాన్నా?" అంది. "కలిసింది." "చుక్క ఏదైనా మిగిలిపోయిందా?" "లేదు." "ఇంకేం మరి, లోపలికి రా, పాలు తాగుదువుగాని."

ఎక్కడా లేనిది వేస్తే తప్పేమో అన్న భయం తొమ్మిదేళ్ల పిల్లాడికి ఎక్కడినుంచి వచ్చింది? నంబర్లు వేసిన కవర్లనుంచి వచ్చింది. తప్పొప్పులు చూసుకోవడానికి పక్కన ఎప్పుడూ ఒక ఒరిజినల్ ఉండాలని వాడు అలవాటు పడిపోయాడు. ముగ్గులో ఒరిజినల్ అంటూ ఉండదు. చుక్కలే తప్పొప్పులు చెప్తాయి.

అందుకే అచ్చులూ రోలర్లూ స్టిక్కర్ ముగ్గులూ పిల్లల చేతికి ఇవ్వొద్దంటాను. మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లు, పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తేవాళ్లు వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు, గుమ్మం బోసిగా ఉండటం కంటే మేలే. పిల్లలకు అలాంటి తొందర లేదు. వాళ్లకు సెలవులున్నాయి. ఫ్లాట్లో వాకిలి లేదంటారా, కారిడార్‌లో రెండడుగుల చోటు, ఒక సుద్దముక్క చాలు. అది కూడా లేదంటే మినపపప్పు గింజలు చుక్కలుగా పెట్టి పళ్లెంలో దారంతో మెలిక తిప్పించండి. మేం వానాకాలంలో అలాగే చేసేవాళ్లం. ఇంకో జాగ్రత్త, ఈ మధ్య ఫోన్లో తిరుగుతున్న కొన్ని ముగ్గుల బొమ్మల్లో చుక్కలకూ గీతకూ పొంతనే ఉండదు. చూడటానికి ధగధగలాడతాయి, వేయబోతే ఎక్కడా కలవవు. అవి పిల్లలకు చూపించకండి, వాళ్ల మీద వాళ్లకు నమ్మకం పోతుంది.

ముగ్గుల పోటీల గురించి కూడా ఒక మాట అనాలి. మా కాలనీలో పోయినసారి బహుమతులన్నీ సుద్దతో బొమ్మ గీసి రంగులు నింపినవాటికే వచ్చాయి. వాటిలో చక్కటివి ఉన్నాయి, కాదనను. కానీ అది బొమ్మలేసే విద్య. చుక్కల మీద ఒంటి గీతతో పెద్ద మెలిక తిప్పినావిడ ముగ్గు ముందు జడ్జీలు నిలబడను కూడా లేదు, రంగు లేదని. పోటీలో చుక్కల ముగ్గుకు విడిగా ఒక బహుమతి పెట్టండి. అక్కడికక్కడ చుక్కల లెక్క ఇచ్చి, దాంట్లోంచి ఏం కడతారో చూడండి. వచ్చే జనవరికి మా అసోసియేషన్‌లో నేను ఇదే అడగబోతున్నాను.

పిడకల దండ గురించి రాయకపోతే మా తమ్ముడు నన్ను క్షమించడు. భోగి పిడకలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ప్యాకెట్‌లో గుండ్రంగా, బిస్కెట్లలా. దగ్గర్లో ఆవులున్న చోటు ఉంటే దయచేసి కొనకండి. పేడలో కాస్త ఊక కలపాలి, లేకపోతే ఎండేటప్పుడు పగుళ్లొస్తాయి. చిన్న నిమ్మకాయంత ముద్ద తీసుకుని అరచేతిలో అద్ది నడిమధ్య వేలితో చిల్లు పెట్టాలి. చిల్లు పెద్దదే పెట్టాలి, ఆరేకొద్దీ అది ముడుచుకుపోతుంది. నేను మొదటిసారి అగరొత్తి పుల్లతో పెట్టాను, నాలుగు రోజుల తర్వాత చూస్తే సగానికి సగం పూడుకుపోయాయి, తాడు దూర్చబోతే విరిగాయి. ఆ దండ చూసి బాగా ఏడ్చాను. పగలు ఎండలో తిరగేస్తూ ఆరబెట్టాలి, ధనుర్మాసపు మంచు తగలకుండా రాత్రి లోపల పెట్టుకోవాలి. మా తమ్ముడు నడుమ పెద్దవి, చివర్లకు వచ్చేకొద్దీ చిన్నవి గుచ్చి, మధ్యమధ్యలో నక్షత్రం ఆకారాలు చేర్చేవాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. తెల్లవారుజామున మంటలో వేసే దండకి అంత సోకు ఎందుకని ఎవరూ అడగలేదు కూడా. అంత కష్టపడి చేసింది చేతులారా అగ్గిలో వేయడం పిల్లలకు పెద్ద విషయం. అదే మంటలో ఇప్పుడు పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పోయిన ఏటి థర్మోకోల్ క్రాఫ్ట్‌లు వేస్తున్నారు. ఆ నల్లటి పొగ పక్కన పసిపిల్లల్ని ఎత్తుకుని నిలబడటం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం వరి కంకుల కుచ్చు. వసారా దూలానికి కట్టి పిచ్చుకలకు వదిలేసేవాళ్లు. మా తాతయ్య చేసేవారు. కోతకు ముందే, కంకి కింద జానెడు కాడ ఉండేలా కొడవలితో విడిగా కోసుకునేవారు. ఆకులు ఒలిచేసి, కాడ పుటుక్కున విరక్కుండా తడి గుడ్డలో కాసేపు చుట్టి పెట్టేవారు. మూడు కాడలతో జడలాగా మొదలుపెట్టి, ప్రతి మలుపుకీ ఒక కొత్త కంకి చేరుస్తూ పోతే కాడలన్నీ లోపల జడలా బిగుసుకుని గింజలు బయటికి వేలాడతాయి. ఒక్కో కంకి బరువు ఒక్కోలా ఉంటుంది కదా, అందుకని చూసి చూసి ఎంచేవారు. బరువైనది ఒక పక్కకే పడితే కుచ్చు వంకరగా వేలాడుతుంది. ఇప్పుడు మా చేలో హార్వెస్టర్ కోస్తుంది. గింజ ఒకవైపు, నలిగిన గడ్డి ఒకవైపు పడుతుంది, కాడతో ఉన్న కంకి అంటూ మిగలదు. కాబట్టి ఊళ్లో చేను ఉన్నవాళ్లకు ముందే ఫోన్ చేసి, మెషిన్ దిగకముందు ఒక చేరెడు కంకులు కోసి పెట్టమని చెప్పాలి. నేను మా బాబాయిని అడిగాను. నవ్వి, అడిగినదానికి రెండింతలు పంపించాడు. మా బాల్కనీకి పిచ్చుకలు రాలేదు, పావురాలొచ్చాయి.

క్రిస్మస్ నక్షత్రం మా ఊళ్లో సంక్రాంతి పనులకు ముందే మొదలయ్యే చేతిపని. చర్చి పక్క వీధిలో డిసెంబర్ మొదటి వారానికే వెదురు బద్దలు చీల్చేవారు. నా స్నేహితురాలి అన్నయ్య దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఒకే పొడవున్న ఐదు బద్దల్ని ఒకదాని మీదనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి పోనిచ్చి కొసలు కడితే ఐదు కోణాల నక్షత్రం. అలాంటివి రెండు చేసి, కొసలన్నీ కలిపి కట్టి, లోపల బద్దలు దాటుకునే ఐదు చోట్లా చిన్న పుల్లలు అడ్డంగా నిలబెడితే రెండూ విడివడి బుగ్గల్లా ఉబ్బుతాయి. ఆ పుల్లలు ఎంత పొడవు పెడితే నక్షత్రం అంత ఉబ్బుతుంది. మరీ పొడవు పెడితే కొసల దగ్గర తాడు తెగుతుంది. మైదా ఉడికించిన జిగురుతో గాలిపటాల కాగితం అంటించి, వెనక బల్బు పెట్టడానికి చిన్న తలుపు వదిలేవాడు. లోపలి దీపం వెలిగించి చూశాక రంగు నచ్చకపోతే ఆ ఒక్క ముక్కే చింపి వేరే కాగితం వేసేవాడు. షాపులో మడత విప్పితే చాలు నక్షత్రం అయిపోయేవి అందంగానే ఉంటాయి. కానీ ఉబ్బు ఎక్కడినుంచి వస్తుందో వాటిని చూసి ఏ పిల్లా నేర్చుకోలేదు.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో కొండపల్లి బొమ్మలు కొంటారు. కొనాలి కూడా. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో కాళ్లూ చేతులూ అతికి, సున్నం పూసి రంగులేసే పని అది. ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క రంగులు పట్టించే పనీ అంతే, పిల్లల చేత అయ్యేది కాదు. ఆ చేతులకు మన డబ్బు అందాలి. కొన్న బొమ్మల చుట్టూ ఊరు కట్టే పని మాత్రం పిల్లలకు వదిలేయండి. పళ్లెంలో మట్టి పోసి వారం ముందు మెంతులో ఆవాలో చల్లితే పండగనాటికి పచ్చటి పైరు. అగ్గిపెట్టెల ఇళ్లు ఎక్కడుండాలి, చెరువు అద్దం ఎక్కడ పెట్టాలి, దారి ఎటు తిరగాలి అన్నది వాళ్ల ఇష్టం. మా ఇంట్లో ఈసారి ఆ ఊరి నడిమధ్య బస్టాండ్ వచ్చింది. దేవుడి బొమ్మలు దాని వెనక్కి వెళ్లాయి. అత్తయ్య ఒక నిమిషం చూసి "బస్సు దిగి దర్శనానికి వెళ్తారా వీళ్లంతా?" అని అడిగారు. అవునన్నాడు మావాడు. అలాగే ఉంచారు.

"ఇదంతా చేయించడానికి టైమ్ ఎవరికుంది" అని మా ఆఫీసులో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు, ఇవన్నీ చేయించక్కర్లేదు, ఒక్కటి చాలు. చేయించేటప్పుడు మనం పక్కన కూర్చుని సరిదిద్దకుండా ఉంటే మన టైమ్ కూడా పెద్దగా పట్టదు. కష్టమంతా ఆ చెయ్యి ఆపుకోవడంలోనే ఉంది. వంకర చుక్క కనిపించగానే నా వేలు ముందుకు వెళ్లిపోతుంది. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది ఆ రోజు.

పండగ చివర్లో రథం ముగ్గు వేస్తారు కదా. వీధిలో అయితే ఈ ఇంటి రథం తాడు గీసుకుంటూ వెళ్లి పక్కింటి ముగ్గుకు కలుపుతారు, వాళ్లు ఆ పక్కింటికి. మా నాలుగో అంతస్తులో ఆరు ఫ్లాట్లు. మావాడు సుద్దతో మా గుమ్మం ముందు రథం వేసి, కారిడార్ వెంట తాడు గీసుకుంటూ పోయాడు. మూడు ఇళ్లవాళ్లు తలుపు తీసి కలుపుకున్నారు. నాలుగో ఫ్లాట్‌కు తాళం, ఊరెళ్లారు. వాడు గుమ్మం ముందు 37 చుక్కలు పెట్టి, తాడు కొస వాటి దగ్గర వదిలేసి వచ్చాడు. ఆ ఇంటి పాపకు ఏడేళ్లు. ఆదివారం రాత్రి వాళ్లు తిరిగొచ్చారు. సోమవారం పొద్దున్న పాలకు తలుపు తీస్తే, ఆ పిల్ల స్కూల్ డ్రెస్‌లో కారిడార్‌లో గొంతుక్కూర్చుని చుక్కల్ని లెక్కపెడుతోంది.